ముందు వరుస కుర్చీలు

ఆ ఇంటి వంటగదిలో, అందరికంటే ఎత్తున ఉన్న అలమారా పై అరలో, ఒక బిస్కెట్ల డబ్బా ఉండేది. పొద్దున టీ కాగే వేళకు అది కిందికి దిగాలి. దాన్ని దించే పని ఆ ఇంటి కూతురిది. ఇంట్లో ఆమెను చిట్టి అని పిలిచేవారు. పుట్టినప్పుడు అరచేతిలో ఇమిడిపోయేంత ఉందని ఆ పేరు పెట్టారు. ఇప్పుడు పన్నెండో ఏడు నడుస్తోంది. తల్లిని ఎప్పుడో దాటేసింది, తండ్రి చెవి దాకా వచ్చేసింది.

"చిట్టీ, ఇలా రామ్మా! మన ఇంటి నిచ్చెన నిద్ర లేస్తే గానీ నాకు టీలోకి బిస్కెట్టు దొరకదు" అని కేకేశాడు తండ్రి. ఆయన దర్జీ. మెడలో టేపు వేసుకునే టీ తాగుతాడు.

పిల్ల వచ్చింది. చెయ్యి చాచి డబ్బా అందుకుంది. మడమ కూడా ఎత్తనక్కర్లేకపోయింది.

"చూశావటోయ్! మొన్ననేగా దీని గౌను అంచు విప్పి పొడవు చేశాను. మళ్ళీ మోకాలి పైకి ఎక్కి కూచుంది. ఈ పిల్లకి గుడ్డ ముక్క చాలదు, తానుకు తానే తెచ్చి పడెయ్యాలి" అన్నాడాయన భార్యతో.

తల్లి ఫక్కున నవ్వింది. నవ్వుతూనే కూతురి వీపు మీద చిన్నగా చరిచింది. "నడుం నిటారుగా పెట్టవే. ముసలమ్మలాగా ఆ గూనేమిటి?"

పిల్ల డబ్బా బల్ల మీద పెట్టింది. తానొక్కటీ తీసుకోలేదు. తన గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది.

చదువరులారా, ఇందులో తప్పేముంది చెప్పండి? ఎవరూ ఎవర్నీ తిట్టలేదు, కొట్టలేదు. కన్నవాళ్ళు పిల్లను చూసి మురిసిపోయి నాలుగు సరదా మాటలన్నారు. ఇలాంటి పొద్దులు మీ ఇంట్లోనూ ఉంటాయి, మా ఇంట్లోనూ ఉంటాయి. అందుకే ఈ కథ చెప్పబుద్ధయింది.

ఆ దంపతులకు మాత్రం ఒక దిగులుండేది. సెలవులు అయిపోవస్తున్నాయి. బడి తెరిచే రోజు దగ్గర పడుతోంది. పిల్లేమో "నేనిక ఆ బడికి వెళ్ళను" అని భీష్మించుకు కూర్చుంది. టీచర్లు కొట్టారా అంటే లేదంది. చదువు కష్టంగా ఉందా అంటే లేదంది. "పోనీ ఎవరైనా ఏడిపిస్తున్నారా?" అని తల్లి బతిమాలినట్టు అడిగితే, "ఎవరూ ఏమీ అనలేదమ్మా. అన్నా, అందరూ సరదాకే అంటారు" అని గోడవైపు తిరిగింది. క్లాసులో అందరికంటే ముందు చెయ్యెత్తే పిల్ల, పాటలు పాడే పిల్ల, చదువు మానేస్తానంటే ఏ తల్లికి అన్నం సహిస్తుంది?

ఆ తల్లి చేసే ఉద్యోగం గురించి చెప్పాలి. సినిమాలు చూడటమే ఆమె ఉద్యోగం. వినడానికి ఎంత హాయిగా ఉందో! చేసే వాళ్ళకే తెలుస్తుంది. కొత్త సినిమా హాళ్ళలోకి రాకముందు, దాన్ని ఏ వయసు వాళ్ళు చూడొచ్చో తేల్చే కార్యాలయం అది. సభ్యులందరూ ముందు వరుసలో కూర్చుంటారు. ఒక్కొక్కరి చేతిలో గుప్పెట్లో పట్టేంత కరెంటు గంట ఉంటుంది. తెర మీద కూడని మాట గానీ, కూడని దృశ్యం గానీ వచ్చిందంటే మీట నొక్కాలి. గంట ఎక్కడ మోగిందో అక్కడ తర్వాత కత్తెర పడుతుంది. ఏళ్ళ తరబడి ఆ కార్యాలయం పని ఇలాగే నడుస్తోంది.

అందరిలోకీ ఈమె వేలు చురుకు. పాత్ర నోరు తెరిచి తిట్టు సగం అనేలోపు ఈమె గంట మోగేది. అందుకని తోటివాళ్ళు ఆమెకు 'గంటమ్మ' అని పేరు పెట్టారు. ఆమె దానికి నొచ్చుకోలేదు సరికదా, లోలోపల గర్వపడేది. ఇంట్లో టీవీలో ఏ పాటైనా కాస్త దారి తప్పితే నోటితోనే "ట్రింగ్!" అనేది. తండ్రీ కూతుళ్ళు చానెల్ మార్చేసేవాళ్ళు.

ఆ వారం వాళ్ళ ముందుకు వచ్చింది ఒక హాస్యచిత్రం. పదేళ్ళు దాటి, అటు పెద్దవాళ్ళూ ఇటు పసివాళ్ళూ కాని పిల్లల గురించి, ఆ పిల్లల కోసమే తీసింది. కథంతా ఒక బడిలో జరుగుతుంది. అందులో ఒక పొడుగు పిల్ల ఉంది. తోటిపిల్లలు ఆమెను 'కరెంటు స్తంభం' అంటారు. వెళ్తూ వెళ్తూ ఆమె భుజాలకు తమ సంచులు తగిలించేసి పోతారు. "పైన వాన పడుతోందా? గొడుగు తెచ్చుకోమంటావా?" అని తలెత్తి అడుగుతారు. క్లాసు ఫోటో దిగితే ఆ పిల్ల మెడ వరకే వస్తుంది, తల ఫోటోలో ఉండదు. సభ్యులు మొదటిసారి చూసినప్పుడు పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు. గంటమ్మ అయితే కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకుంది. ఒక పిల్లాడి నోట వచ్చిన మోటు మాట దగ్గర ఆమె గంట మోగింది. ఆ తర్వాత చివర్లో వచ్చే ఒక బాత్రూము దృశ్యం దగ్గర మాత్రం అందరి గంటలూ మోగాయి.

"నిక్షేపంలాంటి బొమ్మ! ఇంటిల్లిపాదీ కూర్చుని చూడొచ్చు. కొట్లాటల్లేవు, ముద్దుల్లేవు, సిగరెట్లు అసలే లేవు. ఆ బాత్రూము సీను ఎత్తేస్తే ఇంకేం కావాలి?" అన్నాడు లాయరుగారు. ఆయనా ఒక సభ్యుడే.

ఆ సభ్యులకు పెద్దగా ఉన్నాయన్ని మాస్టారు అనేవారు. ఒకప్పుడు బడికి హెడ్మాస్టరుగా చేసి రిటైరయిన మనిషి. ఆయన తలూపాడు. ఇక మిగిలింది ఒక్క తంతు. పిల్లల సినిమా అయితే ఆఖరి ముద్ర వెయ్యబోయే ముందు, చుట్టుపక్కల పిల్లల్ని కొందర్ని పిలిచి, కత్తెర పడని బొమ్మనే మళ్ళీ గంటలతో సహా చూపించాలని నియమం ఉంది. అయ్యాక "బాగుందా?" అని అడుగుతారు. పిల్లలు "బాగుంది సార్!" అని అరుస్తారు. అంతటితో అది ముగిసేది. పచ్చిగా చెప్పాలంటే మొక్కుబడి.

"చిట్టీ, నువ్వూ రావే. తలుపేసుకుని ముడుచుకుని కూర్చోకపోతే కాసేపు హాయిగా నవ్వుకోకూడదూ?" అని తల్లి, పొద్దున ఆ బిస్కెట్ల డబ్బా దించిన రోజే, పిల్లను వెంటబెట్టుకెళ్ళింది. సినిమాలో ఏముందో ఆమెకు తెలుసు. తెలిసే తీసుకెళ్ళింది. అదే ఈ కథలో ఆశ్చర్యం!

అది చిన్న హాలు. గోడలకు గోనెగుడ్డలాంటి మందపాటి బట్ట కొట్టి ఉంటుంది, మాట ప్రతిధ్వనించకుండా. ముందు వరుసలో సభ్యుల మెత్తటి కుర్చీలు, వెనక వరుసల్లో పిల్లలు. పిల్లలందరూ నాకు ముందు నాకు ముందు అని తోసుకుంటుంటే చిట్టి తిన్నగా వెళ్ళి ఆఖరి వరుసలో ఓ మూల కూర్చుంది.

"అక్కడెందుకే? ముందుకు రా, బాగా కనిపిస్తుంది."

"వద్దులే అమ్మా. నేను ముందు కూర్చుంటే వెనకవాళ్ళకి అడ్డం."

ఎంత బుద్ధిమంతురాలు నా పిల్ల అని తల్లి మురిసిపోయింది. మురిసిపోయి, తన కుర్చీలో కూర్చుని, తెరవైపు తిరిగింది. పిల్లలందరూ ఆమె వీపు వెనక ఉండిపోయారు.

దీపాలు ఆరాయి. బొమ్మ మొదలైంది. మోటు మాట రాబోతోందని గంటమ్మకు ముందే తెలుసు కదా, వేలు సిద్ధంగా పెట్టుకుంది. మాట వచ్చింది, మీట నొక్కింది, గంట మోగింది. మోగి ఆగాలి కదా! ఆగలేదు. మీట లోపలికి పోయి ఇరుక్కుపోయింది. ట్రింగ్ మంటూ అది మోగుతూనే ఉంది. వెనక పిల్లలు కిలకిలమన్నారు. ఆమె మీటను గోటితో పీకింది, కుర్చీకేసి కొట్టింది, చేతిసంచిలో కుక్కింది. సంచిలో కూడా మోగింది. తెర మీద హాస్యం కంటే ముందు వరుసలో హాస్యం ఎక్కువైపోయింది. లాయరుగారు చెవులు మూసుకున్నాడు. ఇక లాభం లేదని ఆమె వంగి వంగి, తెర పక్కనున్న చిన్న తలుపు తీసుకుని బయటపడింది.

వరండాలో నిలబడి హెయిర్‌పిన్నుతో తంటాలు పడ్డాక ఆ మీట పైకి లేచింది. హమ్మయ్య అనుకుని మళ్ళీ అదే తలుపు తోసుకుని లోపలికి వచ్చింది. తన కుర్చీ చేరాలంటే తెర ముందు నుంచి నడిచి వెళ్ళాలి. పిల్లలకు అడ్డం కావడం ఎందుకని, ఆ జోకు అయ్యేదాకా తెర పక్కనే, పరదా అంచున నిలబడిపోయింది.

అన్నేళ్ళ ఉద్యోగంలో మొట్టమొదటిసారి ఆమె తెరకు పక్కగా, పిల్లలకు ఎదురుగా నిలబడింది.

ఆమె కళ్ళు చీకటికి అలవాటు పడేసరికి ఎదురుగా ముఖాలు కనబడ్డాయి. వరుసల మీద వరుసలుగా పసిముఖాలు. తెర మీద పగలైతే అన్నీ ఒక్కసారే వెలిగాయి, తెర మీద మబ్బు పడితే అన్నీ ఒక్కసారే మసకబారాయి. నోళ్ళు తెరుచుకుని ఉన్నాయి. ఎవరో పరిగెత్తితే వీళ్ళ కాళ్ళు కదులుతున్నాయి. ఎవరో కింద పడితే వీళ్ళ భుజాలు ఉలిక్కిపడుతున్నాయి. ఒక పిల్ల తన జడను నోట్లో పెట్టుకుని నమలడం మరిచిపోయింది. పిల్లలు సినిమాను కళ్ళతో చూడరు సుమండీ, ఒళ్ళంతా పెట్టి చూస్తారు! వేల సినిమాలు చూసిన మనిషి, సినిమా చూసే పిల్లల్ని ఎప్పుడూ చూడలేదు. గుడిలోకి చెప్పులతో వచ్చేసినట్టు గబుక్కున ఒక అడుగు వెనక్కి వేసింది.

"పైన వాన పడుతోందా?" అని తెర మీద ఎవరో అడిగారు.

హాలంతా ఘొల్లుమంది. నవ్వు ముందు వరుస నుంచి వెనక వరుస దాకా ఒక్క ఊపున పాకింది. ఆ నవ్వుతో పాటు ఆమె చూపూ వెనక్కి వెళ్ళింది. ఆఖరి వరుస మూల చిట్టి లేదు.

మెడ సాచి చూసింది. ఉంది. కుర్చీలోంచి కిందికి జారి, ముందు కుర్చీ వీపు వెనక సగం దాక్కుని ఉంది. ఏదో పడిపోతే వెతుక్కుంటోందేమో అనుకుంది తల్లి. ఇంతలో పిల్లలు సంచులు తెచ్చి పొడుగు పిల్ల భుజాలకు తగిలించే దృశ్యం వచ్చింది. మళ్ళీ నవ్వులు. చిట్టి ఇంకాస్త కిందికి జారింది. ఫోటో దృశ్యం వచ్చింది. చిట్టి తల పూర్తిగా మునిగిపోయింది. నుదుటి మీది జుట్టు మాత్రం కనిపిస్తోంది. హాలు పగలబడి నవ్వే కొద్దీ చిట్టి కుంగిపోతోంది, తన ఎత్తంతా మడిచి ఎక్కడైనా దాచేసుకోవాలన్నట్టు.

'మన ఇంటి నిచ్చెన నిద్ర లేస్తే గానీ...'

ఆ మాట ఎవరో చెవిలో అన్నట్టయింది ఆమెకు. పొద్దున తన నవ్వు తనకే వినిపించింది. నడుం నిటారుగా పెట్టవే అని తాను చరిచిన ఆ చిన్న వీపు కనిపించింది. ఈ జోకుల దగ్గర ఒక్క గంటా మోగలేదు. మోగించాల్సిన వేలు తనదే కదా! ఆ వేలితోనేగా కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది!

ఇప్పుడామె మిగతా ముఖాలను కూడా చూడటం మొదలుపెట్టింది. అందరూ నవ్వుతున్నారనుకుంది ఇందాక. అందరూ ఒకేలా నవ్వడం లేదు. ఓ బొద్దు పిల్లాడు అందరికంటే ముందు, అందరికంటే గట్టిగా నవ్వేసి, పక్కవాళ్ళు తనవైపు చూడటం లేదు కదా అని చూసుకుంటున్నాడు. ఒక పిల్ల నవ్వాలా వద్దా అని స్నేహితురాలి మొహం చూసి, ఆమె నవ్వాక తాను నవ్వింది. ఇన్ని సంగతులు ఈ చిన్న హాలులో ఇన్నాళ్ళూ తన వీపు వెనక జరుగుతున్నాయా అని ఆమె నోరు వెళ్ళబెట్టి నిలబడిపోయింది.

అప్పుడు బాత్రూము దృశ్యం వచ్చింది.

తెర మీద బడిలో ఆటల పోటీలు. పొడుగు పిల్ల బాత్రూములో దూరి గడియ వేసుకుంటుంది. ఇన్నాళ్ళూ అందరికంటే ఎక్కువగా ఏడిపించిన పొట్టి పిల్ల వచ్చి, తలుపుకు వీపు ఆనించి నేల మీద చతికిలబడుతుంది. "నువ్వొక్కదానివే అనుకున్నావా? నా ఒళ్ళు కూడా నా మాట వినడం లేదు. పోయిన నెల నాకు నెలసరి వచ్చింది. భయమేసి అమ్మకి కూడా చెప్పలేదు. బట్టల మీద మరక చూస్తారేమోనని చచ్చేంత భయం. అందుకే అందరూ నిన్ను చూసి నవ్వేలా చేశాను. అందరూ నిన్ను చూస్తుంటే నన్నెవరూ చూడరు కదా!" అంటుంది తలుపుతో.

నెలసరి అన్న మాటకు ముందు వరుసలో లాయరుగారి గంట మోగింది. మరక అన్న మాటకు ఇంకో గంట మోగింది.

పిల్లల్లో ఒక్కరు కూడా గంటవైపు చూడలేదు. అంత చిన్న హాలులో అంతమంది పిల్లలు! ఒక్క దగ్గు లేదు, ఒక్క కుర్చీ కిర్రుమనలేదు. తలుపుకు ఇవతల పొట్టి పిల్ల, అవతల పొడుగు పిల్ల, ఎదురుగా ఊపిరి బిగబట్టుకుని పసివాళ్ళు. ఒకమ్మాయి చెయ్యి పక్కమ్మాయి చేతిని వెతుక్కుంటూ వెళ్ళి పట్టుకుంది. బొద్దు పిల్లాడి గడ్డం వణికింది. ఆమె చేతిలోనూ గంట ఉంది. వేలు మీట మీదే ఉంది. తలుచుకున్నా అది కదిలేలా లేదు.

ఆఖరి వరుసలో జుట్టు కదిలింది. నుదురు పైకి వచ్చింది. కళ్ళు వచ్చాయి. చిట్టి మెల్లమెల్లగా లేస్తోంది. కుర్చీ వీపు పైకి ముఖమంతా వచ్చింది, తర్వాత మెడ, తర్వాత భుజాలు. తెర మీద గడియ తీసిన చప్పుడు అయ్యేసరికి ఆ పిల్ల నడుం నిటారుగా పెట్టి కూర్చుని ఉంది. ఎన్నిసార్లు చరిచినా నిలబడని నడుం! తెర వెలుగంతా ఆ ముఖం మీదే పడుతోందా అనిపించింది తల్లికి. తన కూతురు అంత ఎత్తుగా, అంత అందంగా ఉంటుందని ఆమెకు ఆ క్షణం దాకా తెలియదు. తల్లి చెంపల మీదుగా కన్నీళ్ళు కారుతున్నాయి. తుడుచుకోవాలని కూడా తోచలేదు.

సినిమా అయింది. దీపాలు వెలిగాయి. మాస్టారు లేచి అలవాటు ప్రకారం అడిగాడు. "ఏం పిల్లలూ, బాగుందా?"

"బాగుంది సార్!" అని హాలు దద్దరిల్లింది.

"చెడ్డగా ఏమైనా అనిపించిందా?"

"లేదు సార్!"

"గంట మోగినప్పుడు ఏమనుకున్నారు?" అని లాయరుగారు దర్జాగా అడిగాడు.

రెండు జడల పిల్ల ఒకతి చటుక్కున లేచింది. "గంట మోగితే ఇంకా బాగా విన్నాం అంకుల్, ఏదో మంచిది వస్తోందని!"

పిల్లలతో పాటు మాస్టారూ నవ్వేశాడు. లాయరుగారు కోటు సర్దుకున్నాడు. అంతటితో లేచిపోవడం మామూలు. కానీ తెర పక్కనుంచి గంటమ్మ ముందుకు వచ్చింది.

"మాస్టారూ, నేనొకటి అడగొచ్చా? పిల్లలూ... మీకు ఎక్కడ నవ్వు రాలేదు?"

ఆ ప్రశ్న ఆ గదిలో అంతకుముందు ఎవరూ అడగలేదు. పిల్లలు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ఆ రెండు జడల పిల్లే మళ్ళీ, ఈసారి కూర్చునే, మెల్లగా అంది. "ఫోటో దగ్గర ఆంటీ. నవ్వాను కానీ రాలేదు."

"నాకు... నాకు మొదట్నుంచీ భయమే. తర్వాత లావు జోకులు వస్తాయేమోనని" అన్నాడు బొద్దు పిల్లాడు.

ఒకరు నోరు విప్పాక ఇంకొకరు. మాట తడబడే పిల్ల ఒకతి, కళ్ళజోడు పిల్లాడొకడు. తెర మీద లేని జోకులు కూడా బయటికి వచ్చాయి, ఎవరి బడిలో విన్నవి వాళ్ళు చెప్పారు. మాస్టారు నిలబడ్డవాడు నిలబడ్డట్టే ఉండిపోయాడు. ఒక జీవితకాలం పిల్లలకు పాఠాలు చెప్పిన మనిషి, పాఠం వింటున్న పిల్లాడిలా వింటున్నాడు.

"అయితే ఆ జోకులన్నీ తీయించేస్తాం. నేను చెప్తాను వాళ్ళకి" అంది గంటమ్మ.

"వద్దమ్మా."

ఆఖరి వరుసలో చిట్టి లేచి నిలబడింది. అందరూ వెనక్కి తిరిగారు. ఆ పిల్ల చేతులు ముందు కుర్చీని గట్టిగా పట్టుకున్నాయి.

"నన్ను మా క్లాసులో జిరాఫీ అంటారు. ఈ సినిమా వచ్చాక కరెంటు స్తంభం అంటారు, అది కూడా తెలుసు. అయినా తీయొద్దు. ఆ జోకులు తీసేస్తే ఆ పిల్ల తలుపెందుకు వేసుకుందో చూసేవాళ్ళకి ఎలా తెలుస్తుంది? తలుపు దగ్గర మాటలకు గంట మోగింది, అవి కూడా తీసేస్తారు. అవి తీసేస్తే..." పిల్ల లాయరుగారి వైపు చూసింది. "అవి తీసేస్తే ఆ అమ్మాయి ఇంకా లోపలే ఉండిపోతుంది కదా అంకుల్."

తెర ముందు నిలబడ్డ తల్లికి వాళ్ళింటి గది తలుపు గుర్తొచ్చింది. పొద్దున పడ్డ గడియ చప్పుడు గుర్తొచ్చింది. ఆ తలుపుకు ఇవతల తాను ఎన్నిసార్లు నిలబడి ఎన్ని ప్రశ్నలు వేసింది! ఒక్కసారైనా నేల మీద కూర్చుని తన సంగతి చెప్పుకుందా?

లాయరుగారు గొంతు సవరించుకున్నాడు. "అమ్మాయి ముచ్చటగా చెప్పింది, కాదనను. కానీ మాస్టారూ, నెలసరీ అదీ పిల్లల ముందు..."

"ఏమండీ, మీరు గంట కొట్టినప్పుడు తెర చూస్తున్నారు కదా? నేనూ తెరే చూస్తున్నాను. ఈమె ఒక్కతే పిల్లల్ని చూసింది. ఏం చూశావో చెప్పమ్మా" అన్నాడు మాస్టారు.

ఆమె చెప్పింది. చెప్తూ చెప్తూ ఏడ్చింది. ఎక్కడ పిల్లలు కుంగిపోయారో, ఎక్కడ లేచి కూర్చున్నారో చెప్పింది. తన ఇంట్లో బిస్కెట్ల డబ్బా సంగతి కూడా, దాచుకోకుండా, అందరి ముందూ చెప్పింది. లాయరుగారు చేతిలో గంటను కాసేపు అటూ ఇటూ తిప్పి, చివరికి కుర్చీ మీద పెట్టేశాడు. "మా ఇంట్లోనూ ఉందమ్మా ఒక పిల్ల. నల్లగా ఉంటుంది. మేమంతా ముద్దుగా ఏదో పిలుస్తుంటాం" అన్నాడు.

ఆ సినిమా ఎక్కడా కత్తెర పడకుండా బయటికి వచ్చింది. 'ఈ వయసు పిల్లలు చూడదగినది, పెద్దలు పక్కన కూర్చుని చూడవలసినది' అని ముద్ర వేశారు. పిల్లల్ని కాపాడటానికి పెద్దలు పక్కన ఉండాలని అనడం మామూలే. సినిమా అయ్యాక పెద్దలు పిల్లల్ని 'నీకెక్కడ నవ్వు రాలేదు?' అని అడగడానికి ఉండాలని మాస్టారు కింద ఒక ముక్క కలిపాడు.

పిల్లలు సినిమా చూసిన ఆ సాయంత్రమే తల్లి వంటగదిలోకి వెళ్ళి స్టూలు ఎక్కి, బిస్కెట్ల డబ్బా తీసి, అందరికీ అందే కింది అరలో పెట్టింది. తర్వాత తన పాత ఫోటో ఒకటి పట్టుకుని కూతురి గది తలుపుకు వీపు ఆనించి నేల మీద కూర్చుంది. ఆ వయసులో తన పళ్ళు ఎలా బయటికి ఉండేవో, ఫోటో దిగేటప్పుడల్లా నోటికి చెయ్యి ఎలా అడ్డం పెట్టుకునేదో, తలుపుతో చెప్పుకుంది. కాసేపటికి తలుపు తెరుచుకుంది. పొడుగు పిల్ల కూడా వచ్చి పక్కన చతికిలబడింది. ఆ ఫోటో చూసి ఇద్దరూ నవ్వారు. అది వేరే రకం నవ్వు. తండ్రి ఆ దారినే వస్తూ ఏదో అనబోయి, నాలుక కరుచుకుని, తానూ వాళ్ళ పక్కనే నేల మీద కూర్చున్నాడు.

బడి తెరిచిన రోజు పొద్దున చిట్టి సంచి భుజాన వేసుకుని గుమ్మం దాకా వచ్చింది. ఎవరూ వెళ్ళమని బలవంతం చెయ్యలేదు. తండ్రి కొత్త గౌను కుట్టాడు. కింద బోలెడంత బట్ట లోపలికి మడిచి కుట్టాడు, పిల్ల ఇంకా పెరగాలని.

"నాన్నా, జిరాఫీ బడికి వెళ్ళొస్తోంది. పైన వాన పడితే కేకేసి చెప్తాను, బట్టలు తీసుకోండి" అంది పిల్ల, నవ్వుతూ. ఆ జోకు ఇప్పుడు తనది. నిటారుగా నడుచుకుంటూ వెళ్ళిపోయింది. వీధి మలుపు తిరిగేదాకా ఆమె తల కనిపిస్తూనే ఉంది. తల్లీ తండ్రీ ఆ తలను చూస్తూ అలాగే నిలబడిపోయారు.

ఆ తర్వాత ఆ కార్యాలయంలోకి మరో పిల్లల సినిమా వచ్చింది. ఆ రోజు సభ్యులు హాలులోకి అడుగుపెట్టి ఆగిపోయారు. ముందు వరుస కుర్చీలన్నీ వెనక్కి తిరిగి ఉన్నాయి, తెరకు వీపు పెట్టి, పిల్లలకు ఎదురుగా. గంటలు లేవు. ఒకదానిలో అప్పటికే మాస్టారు కూర్చుని ఉన్నాడు.

"ఇదేమిటి మాస్టారూ? ఇలా కూర్చుంటే సినిమా ఎలా కనిపిస్తుంది?" అన్నాడు లాయరుగారు.

దీపాలు ఆరాయి. ఎదురుగా పసిముఖాలు వరుసలు వరుసలుగా వెలిగాయి. మాస్టారు వాటి మీంచి చూపు తిప్పకుండానే అన్నాడు.

"సినిమా కనిపించకపోయినా పర్వాలేదు, కూర్చోండి. అది పిల్లలకు తగిందో కాదో ఆ తెర ఎప్పుడూ చెప్పదు, ఈ ముఖాలే చెప్తాయి. ఇన్నాళ్ళూ వీటికి వీపు పెట్టి కూర్చున్నది మనమే."